ఇరవై ఒకటో పేరు

చిత్తూరు బెల్లం మండీలో రవిచంద్ర దుకాణం పొద్దున ఆరున్నరకు తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తినాక ఆయన చేసే మొదటి పని గోడకున్న క్యాలెండరులో నిన్నటి కాగితం చింపడం. రోజుకొక కాగితం చింపే రకం అది. తేదీ అంకె పెద్దగా, దాని కింద తిథి, నక్షత్రం, రాహుకాలం చీమల బారులా సన్నగా ఉంటాయి. వాటిని ఆయన పైకి చదువుతాడు. వినేవాళ్లు లేకపోయినా చదువుతాడు. అష్టమి, నవమి వస్తే కొత్త సరుకు ముట్టడు. ఐరాల నుంచి బెల్లం బండి వచ్చి వాకిట నిలబడినా సరే, బండతనికి టీ ఇప్పించి, "దశమి నాడు దించుకుందాం లేప్పా" అంటాడు. ముప్పై ఏళ్లుగా అట్లాగే నడిచింది. దుకాణం పెద్దగా పెరగలేదు, మూతపడనూ లేదు. మూతపడకపోవడం క్యాలెండరు చలవేనని ఆయన నమ్మకం.

ఆయన ఒక్కగానొక్క కూతురు లోహిత విమానం నడుపుతుంది.

మండీలో ఈ మాట విన్న కొత్తవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. రేణిగుంట నుంచి హైదరాబాదుకు, విజయవాడకు, బెంగళూరుకు తిరిగే చిన్న విమానాలు, రెండు రెక్కలకూ పంకాలు తిరిగేవి, వాటిల్లో ఆమె కో-పైలట్. కుడిపక్క సీటు ఆమెది. ఏడో తరగతిలో బడివాళ్లు చంద్రగిరి కోటకు తీసుకుపోతే పిల్లలంతా రాజమహల్ చూశారు, ఈ పిల్ల మాత్రం పైన పోతున్న విమానాన్ని చూసింది. ఇంటికొచ్చి, "నాయనా, దానికి కాళ్లుండాయి. దిగేటప్పుడు చాపుతాది" అని చెప్పింది. ఆ మాట రవిచంద్ర మనసులో ఉండిపోయింది. పదేళ్ల తర్వాత మండీ వెనకున్న గోడౌను అమ్మి ఆమెను ఆ చదువుకే పంపాడు.

మూడేళ్ల కింద ఉద్యోగంలో చేరమని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బుధవారం రమ్మన్నారు. క్యాలెండరులో బుధవారం అష్టమి, గురువారం నవమి. రవిచంద్ర కంపెనీకి తనే ఫోను చేశాడు. "శుక్రవారం దశమి అమ్మా. ఆ పొద్దు వస్తాది మా బిడ్డ. ఏమన్నా ఇబ్బందా?" అవతలి అమ్మాయి, "ఆ వారంలో ఎప్పుడొచ్చినా పర్వాలేదండీ" అంది. లోహిత శుక్రవారం తెల్లచొక్కా కాలరు లోపల పసుపుబొట్టు పెట్టించుకుని పోయి చేరింది. ఆమెతో ఎంపికైన మిగతా ఆరుగురూ బుధవారమే చేరిపోయి ఉన్నారు. ఏడుగురిలో పరీక్షలో మొదట వచ్చింది లోహితే. ఆ రెండు రోజుల తేడా ఎవరూ పట్టించుకోలేదు, ఈ సంవత్సరం వరకు.

ఈ సంవత్సరం విమానంలో పోసే ఇంధనం ధర నెలనెలా పెరుగుతూ వచ్చింది. మొదట కంపెనీ విమానంలో తాగునీళ్లు తగ్గించింది. తర్వాత నేల మీద నడిపేటప్పుడు ఒక ఇంజనే తిప్పమంది. రెండు పంకాల్లో ఒకటి ఆగిపోయి ఉంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు భయపడి గంట నొక్కేవాళ్లు. ఆ తర్వాత సాయంత్రం బెంగళూరు సర్వీసు ఆపేశారు. చివరికి మార్చి మొదటి వారంలో పైలట్లందరికీ ఉత్తరం పంపారు.

ఉత్తరం వచ్చినప్పుడు లోహిత తిరుపతిలో లీలామహల్ సర్కిల్ వెనకున్న అద్దె గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. గదిలో ఆమెతో ఉండేది ఎస్తేరు. కార్వేటినగరం పిల్ల, ఆ ఏడుగురిలో ఒకతె, అదే విమానాల్లో కో-పైలట్. తల్లి సంతోషమ్మ హాస్టల్లో వంట చేసి పెంచింది.

ఎస్తేరు ఫోనులో ఉత్తరం పైకి చదివింది. ఉన్నవాళ్లందరికీ జీతం సగం. కో-పైలట్లు ఇరవై ఆరుగురిలో ఇరవైమందే ఉంటారు. మిగతా ఆరుగురికి ఒకటో తేదీ నుంచి జీతం లేని సెలవు, ఇంధనం ధర దిగేవరకు. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అనేది చేరిన తేదీని బట్టి. ఒకే రోజు చేరినవాళ్లయితే మార్కులను బట్టి.

కింద పేర్ల పట్టీ ఉంది. ఎస్తేరు ఇరవై. లోహిత ఇరవై ఒకటి.

ఎస్తేరు ఫోను మంచం మీద పెట్టింది. "నువ్వు బుధవారమే వచ్చింటే పదహైదో నంబరు నీది. మాది ఒక్కొక్కరిదీ కిందికి జరిగి, ఇరవై ఒకటి నేనై ఉండేదాన్ని" అంది. "మీ నాయన క్యాలెండరు నా నెత్తిన పాలు పోసినాదే."

లోహిత నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వింది. ఇద్దరికీ నవ్వే ఓపిక లేదు, నవ్వకుండా ఉండే ఓపిక అంతకన్నా లేదు.

జీతం పోవడం ఒక్కటే కాదు. తొంభై రోజుల్లో కనీసం మూడుసార్లు విమానాన్ని లేపి దించకపోతే పైలట్‌ను మళ్లీ సీటు ఎక్కనివ్వరు. విమానంలా కదిలే నకిలీ యంత్రంలో మళ్లీ శిక్షణ తీసుకోవాలి, సొంత ఖర్చుతో. ఆ ఖర్చుకు అమ్మడానికి రవిచంద్రకు ఇంకో గోడౌను లేదు. ఇంట్లో కూర్చున్న ప్రతి వారం ఆ సీటు కొంచెం కొంచెం దూరం జరుగుతుంది. లోహితకు భయం వేసింది దానికే.

ఆ రాత్రి తండ్రికి ఫోను చేసి, "చిన్నవాళ్లను కొన్నాళ్లు ఇంటికి పంపుతుండారు నాయనా" అని మాత్రం చెప్పింది. తేదీ మాట ఎత్తలేదు. చెబితే ఆయన ముప్పై ఏళ్ల నమ్మకం మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుందనిపించింది. తల్లి పంకజాక్షి ఫోను లాక్కుని, "ఇంటికి రా. నాలుగు రోజులు నిద్రపోదువు. కళ్లు సూడు ఎట్ల లోపలికి పోయినాయో" అంది. ఫోనులో కళ్లు ఎట్లా కనబడ్డాయో ఆమెకే తెలియాలి.

వారం తర్వాత రవిచంద్ర తిరుపతి వచ్చాడు. నెలకోసారి అట్లా వస్తాడు, పిల్లలిద్దరికీ బెల్లం, నిమ్మకాయ ఊరగాయ తెస్తాడు. చెప్పులు గది బయటే వదిలి, సంచీ ఎస్తేరుకు ఇచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

"మీ అమ్మకు కూడా తెచ్చినా పాపా. ఈ తూరి బెల్లం బాగుండాది, నల్లదనం లేదు."

"మామా, మీ బెల్లం సంగతి కాదు, మీ అష్టమికి నేను టెంకాయ కొట్టాల" అంది ఎస్తేరు సంచీ విప్పుతూ.

"చర్చికి పోయేదానివి, నీకెందుకు టెంకాయ?"

"మీరు లోహీని రెండు రోజులు ఆపబట్టే కదా నేను మిగిలినాను. లేకుంటే ఇంటికి పోయేది నేను."

లోహిత తల అడ్డంగా ఊపింది. ఎస్తేరు చూసేసరికి మాట అయిపోయింది. రవిచంద్ర కూతురి వైపు తిరిగాడు.

"ఏమంటా ఉండాది ఈ పాప?"

దాచడానికి ఏమీ మిగల్లేదు. లోహిత చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన మోకాలి మీద అరచేయి రుద్దుకుంటూ విన్నాడు. కాఫీ తాగలేదు. "బస్సు పోతాది" అని లేచాడు. చిత్తూరుకు పది నిమిషాలకొక బస్సు ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

"నేను మరిచిపోయి అనేసినా" అంది ఎస్తేరు. లోహిత బెల్లం డబ్బాలో సర్దింది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు లోహితకు చివరి డ్యూటీ పడింది. హైదరాబాదు పోయి రావడం. ఎడమపక్క సీటులో కెప్టెన్ సుందరరాజు. యాభై ఏడేళ్ల మనిషి. ఇట్లాంటి కరువులు ముందు రెండు చూశాడు, ఒకదాంట్లో పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు.

"ఇంధనం యాడ పోస్తారో తెలుసు కదమ్మా, రెక్కల్లో" అన్నాడు, తిరిగొచ్చేటప్పుడు. "మన జీతాలన్నీ ఇప్పుడు ఆ రెక్కల్లోనే ఉండాయి. కాబట్టి మెల్లిగా దించు."

ఆ రోజు దించే పని ఆమెకిచ్చాడు. ఏడుకొండలు ఎడమచేతి వైపుకు వచ్చాయి. గాలి పక్కనుంచి కొట్టింది. ఆమె కొంచెం వంచి, సరిచేసి, చక్రాలు నేలకు ఆనించింది. వెనక ఎవరో పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. ఒక ఇంజను ఆపేసి, ఒంటి పంకాతో మెల్లగా వచ్చి ఆగారు. సుందరరాజు లాగ్ పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు.

బయటికొచ్చి టికెట్ల కౌంటరు పక్కనున్న కంపెనీ ఆఫీసులో బ్యాడ్జి ఇచ్చేద్దామని పోతే, గది బయట ఒక జత చెప్పులు కనబడ్డాయి. విమానాశ్రయంలో ఎవరూ చెప్పులు విడవరు. ఎడమచెప్పు వారుకు తీగతో వేసిన కుట్టు. లోహిత గుర్తుపట్టింది.

లోపల స్టేషను మేనేజరు ధనంజయ టేబులు మీద ఒక బెల్లం అట్టపెట్టె, దాని పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక పాత క్యాలెండరు కాగితం. మూడేళ్ల కిందటి బుధవారం. అష్టమి. అంచున రవిచంద్ర చేతిరాత: "లోహి ఉద్యోగం - శుక్రవారం."

"మీరు రమ్మన్న దినం రాకుండా ఆపింది నేను" అంటున్నాడు రవిచంద్ర. "ఆ బిడ్డ బట్టలు వేసుకుని తయారుగా ఉన్నింది. ఇదిగో సాక్ష్యం. తప్పు నాది. బిడ్డకు ఎందుకబ్బా శిక్ష?"

ధనంజయ మెత్తని మనిషి. ఆ నెలలో ఇట్లాంటి మాటలకు జవాబు చెప్పి చెప్పి గొంతు పోయింది.

"ఇది శిక్ష కాదన్నా. రిజిస్టరులో ఏ తేదీ ఉంటే అదే లెక్క. నేను దిద్దలేను. దిద్దినాననుకోండి. మీ అమ్మాయి పైకి పోతాది. అప్పుడు ఇరవై ఒకటి ఎవరో తెలుసా? ఎస్తేరు."

రవిచంద్ర ఆ పేరు విని కవరు టేబులు మీద నుంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తలుపు దగ్గర కూతురు నిలబడి ఉండడం అప్పుడు చూశాడు. చూసినా లేచి నిలబడలేదు.

"పాప చెప్పినా నాకు ఆ సంగతి తట్టలేదు" అన్నాడు.

"పోదాం పా నాయనా."

"ఉండు." ధనంజయ వైపు తిరిగాడు. "ఒక మాట అబ్బా. మా మండీలో బెల్లం తగ్గిన నెలల్లో కూడా హమాలీలను తీసెయ్యం. వాళ్లే వంతులు వేసుకుంటారు. పది బండ్లు వచ్చే చోట రెండొస్తే, ఈ పొద్దు నలుగురు, రేపు ఇంకో నలుగురు. కూలి తగ్గుతాది, మనిషి మాత్రం మండీ విడిచిపోడు. భుజానికి అలవాటు పోదు. మీ దాంట్లో వంతులు లేవా?"

ధనంజయ మొదట నవ్వాడు. "విమానానికీ మూటకీ పోలికా అన్నా!" కానీ నవ్వు సగంలోనే ఆగింది. పెన్ను తీసి మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. "ఒక సీటు, ఇద్దరు. పదహైదు రోజులు ఒకరు, పదహైదు రోజులు ఒకరు. ఇద్దరికీ తొంభై రోజుల లెక్క తప్పదు. మళ్లీ మనుషులు కావాల్సినప్పుడు శిక్షణ ఖర్చు కూడా ఉండదు." తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "హైదరాబాదుకు రాసి చూస్తా. వాళ్లు సరే అన్నా ఒకటుండాది. ఇరవయ్యో పేరు ఒప్పుకోవాల. తన సగం జీతంలో సగం వదులుకోవాల."

ఆ సాయంత్రం ఎస్తేరుకు ధనంజయ నుంచి ఫోను వచ్చింది. ఫోను పెట్టేశాక ఆమె లోహిత వైపు చూడలేదు.

"సగంలో సగమా?" అంది గోడతో. "నా బ్యాంకు లోనుకు ఎవరు చెబుతారు? మా అమ్మ మోకాలి ఆపరేషనుకు ఎవరు చెబుతారు? మీ నాయనకు మండీ ఉండాది. నాకేముండాది?"

"నేను అడగలేదు ఎస్తేరూ."

"అడక్కపోవడమే కదా కష్టం! అడిగుంటే లేదని చెప్పేదాన్ని."

తర్వాత రెండు రోజులు ఆ గదిలో ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా తిరిగారు. ఒకరు స్నానానికి పోతే ఇంకొకరు స్టవ్ దగ్గర. ఎస్తేరు డ్యూటీకి పోయేటప్పుడు చొక్కా భుజాల మీద పట్టీలు తగిలించుకుంటుంటే లోహిత మొహం తిప్పుకునేది. తన పట్టీలు పెట్టెలో అడుగున పెట్టింది. ముప్పై ఒకటో తేదీ పెట్టె సర్దుకుని చిత్తూరు బస్సెక్కింది. ఎస్తేరు కిందిదాకా వచ్చి పెట్టె ఒక చేత్తో పట్టుకుంది.

మర్నాడు లోహిత మండీలో తండ్రి పక్కన కూర్చుంది. తూకం చూసేవాడు రాకపోతే తూకం చూసింది. విమానాల అమ్మాయి వచ్చిందని పక్క దుకాణాలవాళ్లు తొంగిచూశారు. "ఏమ్మా, సెలవా?" అని అడిగారు. "సెలవే" అంది. అడిగినవాళ్లందరికీ అదే మాట. సాయంత్రానికి ఆ మాట అనడం కూడా బరువైంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎస్తేరు ఆటో దిగింది. యూనిఫాంలోనే ఉంది, విమానం దిగి నేరుగా వచ్చినట్టు. చేతిలో ఒక కాగితం.

"హైదరాబాదువాళ్లు సరేనన్నారు. నేను సంతకం పెట్టినా, నువ్వు పెట్టాల" అంది, కూర్చోకుండానే. "ముందే చెబుతుండా. నేను మంచిదాన్నని కాదు. మూడు రోజులు ఎగిరినా. మూడు రోజులూ నీ సీటులో కూర్చున్నట్టే ఉండింది. ముళ్లమీద. అందుకు. మూడు నెలలే ఈ వంతు. నాలుగో నెల నా సీటు నాకు కావాల. అప్పటికి ఇంధనం దిగకుంటే నీ దారి నువ్వు చూసుకో."

"సరే" అంది లోహిత.

"ఆ ఏడుపు మొహం తీసెయ్. సగంలో సగానికి ఏడుపు కూడా సగమే ఏడవాల."

రవిచంద్ర టేబులు మీదున్న బెల్లం పొడి తుడిచాడు. కడిగి ఆరేసిన గోనెపట్ట తెచ్చి మడత పెట్టి పరిచాడు. దాని మీద కాగితం పెట్టి లోహిత సంతకం చేసింది. ఎంత తుడిచినా మండీలో వేళ్లకు బెల్లం ఉంటుంది. కాగితం మూలన ఆమె బొటనవేలి జిగురు ముద్ర పడింది.

"చీమలు పడతాయి దీనికి" అంది ఎస్తేరు, మడిచి సంచీలో పెట్టుకుంటూ. "మామా, నాది ఒకటి నుంచి పదహైదు. లోహీది పదహారు నుంచి. పదహారు ఎట్లుండాది, చూసి చెప్పండి మీ క్యాలెండరులో."

రవిచంద్ర గోడ వైపు తిరిగాడు. కాగితాల దొంతరను బొటనవేలితో ఎత్తబోయి, చెయ్యి దించేశాడు.

"వాళ్లు రమ్మన్న దినమే పోతాది" అన్నాడు. "భోంచేసి పో పాపా. మీ అత్త సంగటి చేసి ఉంటాది."

పదిహేనో తేదీ దాకా లోహిత మండీలోనే ఉంది. సాయంత్రాలు ఇంట్లో తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, లేని మీటలను వరసగా తాకుతూ చెక్‌లిస్టు చదువుకునేది. తలుపు సందులోంచి పంకజాక్షి చూసి, "మీ నాయన తిథి చదివినట్టే ఉండాది" అని నవ్వింది. తనకు నెలకు రాబోయేది తిరుపతి గది అద్దెకు, బస్సులకు సరిపోతుంది. అంతే. మూడు నెలల తర్వాత ఏమిటో తెలియదు. సుందరరాజు ఫోను చేసి, ధర ఇంకా పెరిగేట్టు ఉందని చెప్పాడు.

పదహారో తేదీ తెల్లవారుజామున లేచి స్నానం చేసింది. పెట్టె అడుగు నుంచి పట్టీలు తీసి భుజాలకు తగిలించుకుంది. ఇంటి నుంచి బస్టాండుకు పోయేదారిలోనే మండీ. తండ్రి ఆ రోజు గంట ముందే పోయి దుకాణం తెరిచి ఉన్నాడు. చెప్పి పోదామని ఆగింది.

ఆయన బయటే నిలబడి ఉన్నాడు. ఐరాల బండి ఒకటి వాకిట ఉంది. బండతను మూటలకు తాడు విప్పాలా వద్దా అని చూస్తున్నాడు.

"తిన్నావా?" అన్నాడు రవిచంద్ర.

"తిన్నా నాయనా."

"నీళ్లు?"

"ఉండాయి."

లోహిత లోపలికి చూసింది. గోడ మీద క్యాలెండరులో పెద్ద అంకె పదిహేడు ఉంది. రెండు కాగితాలు ఒకేసారి చింపినట్టు పైన అంచు వంకరగా తెగి ఉంది. పదహారో తేదీ కాగితం బుట్టలో కూడా కనబడలేదు. ఆయన చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది.

ఈ రోజు ఏ తిథో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

"దించప్పా" అన్నాడు రవిచంద్ర బండతనితో. "నిలబెట్టుకుని ఏం చేస్తావు?"

బండతను ఆయన మొహంలోకి ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి, తాడు విప్పాడు. లోహిత చక్రాల పెట్టె లాక్కుంటూ బస్టాండు వైపు నడిచింది.